వాక్యపు ఎత్తుగడ, వాక్యపు ముగింపు: తెలుగు పిల్లల విద్యాభాషకు ఆసరా ఎక్కడ కావాలి?

వాక్యం మొదటి ముక్కను ముందే అందించి, మిగిలినది పిల్లల చేత చెప్పించే పద్ధతి ప్రాథమిక తరగతుల ఇంగ్లిష్ బోధనలో బాగా స్థిరపడింది. అలాంటి ఎత్తుగడలను చార్టు మీద రాసి గోడకు అతికిస్తారు. పిల్లలు వాటి ఆధారంతో పాఠ్యవిషయాన్ని నిండు వాక్యాల్లో చెప్తారు, రాస్తారు. ఈ చార్టులను మాటకు మాటగా తెలుగులోకి దించుకుంటే ఫలితం రాదని, తెలుగు వాక్యంలో పిల్లలకు ఊతం కావలసిన చోటు వేరని ఈ వ్యాసం వాదిస్తుంది.

భాషాశాస్త్రవేత్తలు సింక్లేర్, కూల్తార్డ్ 1975లో తరగతి గది సంభాషణకు మూడు మెట్ల నమూనాను చూపించారు: ఉపాధ్యాయుడి ప్రశ్న, విద్యార్థి జవాబు, మళ్ళీ ఉపాధ్యాయుడి స్పందన. మన బడుల్లో నడిమి మెట్టు తరచుగా ఒక్క మాటతో ముగుస్తుంది. 'గింజ మొలకెత్తాలంటే ఏం కావాలి?' 'నీళ్ళు.' 'శభాష్.' ఇక్కడ కార్యకారణ సంబంధం మొత్తం ప్రశ్నలోనే ఉంది. దాన్ని వాక్యంగా కూర్చే పని పిల్లవాడికి దక్కలేదు. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో గమనించారు. ఆగడం వల్ల అవకాశం వస్తుంది. కానీ ఆ అవకాశంలో వాక్యాన్ని ఎలా కట్టాలో కూడా పిల్లలకు తెలియాలి.

రెండు గ్లాసుల్లో పెసలు ఉంచారనుకుందాం: ఒకదానిలో తడి దూది, రెండోదానిలో పొడి దూది. ఫలితం చూసిన తెలంగాణ పల్లె పిల్ల ఇలా అనవచ్చు: 'ఇండ్ల మొలకలొచ్చినయ్. అండ్ల నీళ్లు పొయ్యలే గద, అందుకే రాలే.' ఇందులో పోలిక ఉంది, కారణం ఉంది, ఫలితం ఉంది. ఆలోచనలో ఏ లోటూ లేదు. అయితే 'ఇండ్ల, అండ్ల' అన్న మాటలు గ్లాసులు కళ్ళెదుట ఉన్నవాళ్ళకే అర్థమవుతాయి. గ్లాసులు చూడనివాళ్ళకు రాయాలంటే వాక్యం మరోలా ఉండాలి: 'పొడి దూదిలో ఉంచిన పెసలు తేమ అందకపోవడం వల్ల మొలకెత్తలేదు.' విద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లో సంభాషణ భాషకూ విద్యాభాషకూ మధ్య గీసిన గీత ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గీత పిల్లల ఇంటిమాటను తక్కువ చేస్తుందన్న విమర్శ కూడా న్యాయమైనదే. అందుకే 'గద, అందుకే' అన్న జతను తప్పుగా దిద్దడం కాకుండా, 'వల్ల' చేరుకోవడానికి తొలిమెట్టుగా తీసుకోవాలి.

ఆ రెండు వాక్యాల మధ్య జరిగిన మార్పును గమనించండి. చూపించే మాటల స్థానంలో పేర్లు వచ్చాయి. 'పొయ్యలే' అన్న క్రియ చోట 'అందకపోవడం' అన్న నామరూపం వచ్చింది. సంబంధాన్ని తెలిపే 'వల్ల' కారణం తర్వాత వచ్చింది. తెలుగులో 'కాబట్టి', 'కన్నా', 'అయితే', 'అయినా', 'ఉండవచ్చు', 'అని నాకు అనిపిస్తోంది' - ఇవన్నీ తాము ముడివేసే మాటల వెనుకే నిలబడతాయి. తర్కం బరువంతా వాక్యం నడుమ, చివర పడుతుంది. ఇంగ్లిష్ వాక్యంలో వక్త అభిప్రాయం ముందే వచ్చేస్తుంది గనుక అక్కడ ఎత్తుగడ అందిస్తే సగం పని అయిపోతుంది.

తెలుగులో ఎత్తుగడలన్నీ ఒక్కలాంటివి కావు. 'నేను గమనించిందేమిటంటే' అని మొదలుపెడితే తర్వాత ఏ వాక్యమైనా అతుకుతుంది. 'ఎందుకంటే' కూడా అంతే. 'దీనికి కారణం' అని మొదలుపెడితే మాత్రం చివర నామరూపం తప్పనిసరి. అది ఇంకా పట్టుబడని పిల్లలు 'దీనికి కారణం నీళ్ళు పోయలేదు' అని రాస్తారు. అది పిల్లల తప్పు కాదు, మోయలేని ముగింపును అడిగిన చార్టు తప్పు. 'ఒకవేళ' కూడా చివర 'తే' వచ్చేదాకా వాక్యాన్ని వదలదు. కనుక మూడో తరగతిలో మొదటి రకంతో ఆరంభించి, నాలుగు, ఐదు తరగతుల్లో నడుమ, చివర ఆసరా ఇచ్చే చట్రాలకు వెళ్ళాలి: '____ లేకపోవడం వల్ల ____', '____ కన్నా ____ ఎక్కువ', '____ అయి ఉండవచ్చు'. చివరిదానికి పునాది పిల్లల నోట ఇప్పటికే ఉంది. 'నీళ్లెక్కువైనయేమో' అనే పిల్లకు ఆచితూచి చెప్పడం వచ్చు.

విద్యాభాష అంటే 'ఏలననగా', 'చేయబడినది' అని ఎవరూ పొరబడకూడదు. వాడుక భాష కోసం గిడుగు వెంకట రామమూర్తి పోరాడి తొలగించిన గ్రాంథికపు బరువును గోడచార్టు మీదుగా మళ్ళీ బడిలోకి తేనక్కర్లేదు. ఇంట్లో గోండి, కోయ మాట్లాడే పిల్లల విషయంలో ఒక వెసులుబాటు ఉంది. అవీ క్రియతో ముగిసే ద్రావిడ భాషలే కనుక ముందు ఇంటి భాషలో చెప్పించి, ఆ క్రమంలోనే తెలుగు చట్రాన్ని అందించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ తెలుగు, ఇంగ్లిష్ పుటలను ఎదురెదురుగా అచ్చువేసిన పాఠ్యపుస్తకాలు ఉన్నాయి. రెండు భాషల చట్రాలనూ అలాగే పక్కపక్కన పెడితే, క్రమం ఎక్కడ తిరగబడుతుందో పిల్లలే పట్టుకుంటారు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు వుడ్, బ్రూనర్, రాస్ 1976లో మూడు, నాలుగు, ఐదేళ్ళ వయసున్న 30 మంది పిల్లలు 21 చెక్కముక్కలతో పిరమిడ్ కట్టడాన్ని పరిశీలించి, పెద్దల సాయాన్ని పరంజాతో పోల్చారు. పరంజా విప్పడానికే కడతారు. ఏడాదంతా అదే చార్టు ఉంటే తరగతిలోని నోటుపుస్తకాలన్నిటా ఒకే వాక్యం కనిపిస్తుంది. అది ఖాళీలు పూరించడమే అవుతుంది. నీటి ఆవిరి పాఠంలో చార్టు చూడకుండానే 'ఎండ తగలడం వల్ల' అని పిల్ల రాసిన రోజున 'వల్ల' చట్రాన్ని తీసేయవచ్చు. అంతకన్నా బలమైన గుర్తు మరొకటి ఉంది: చట్రాన్ని తోటివాడి మాటను ప్రశ్నించడానికి వాడుకోవడం. 'తేమ అందకపోవడం వల్ల కాదు, అవి పుచ్చిన గింజలు అయి ఉండవచ్చు' అని ఒకరు అంటే, ఉపాధ్యాయుడి మూడో మెట్టు ఇక 'శభాష్'తో ఆగదు. పొడి గ్లాసులోని పెసలనే తడి దూదిలోకి మార్చి చూడాల్సి వస్తుంది.