హారర్ ఎక్స్‌ప్రెస్ (1972 చిత్రం)

హారర్ ఎక్స్‌ప్రెస్ 1972లో స్పెయిన్, బ్రిటన్‌ల ఉమ్మడి నిర్మాణంగా మాడ్రిడ్‌లో తయారైన భయానక చిత్రం. స్పానిష్‌లో దీని పేరు ‘పానికో ఎన్ ఎల్ ట్రాన్సిబెరియానో’. దర్శకుడు యూహేనియో మార్టిన్; ఇంగ్లీషు ప్రింట్లలో ఆయన పేరు జీన్ మార్టిన్ అని పడుతుంది. నిర్మాత బెర్నార్డ్ గోర్డన్. క్రిస్టఫర్ లీ, పీటర్ కుషింగ్, టెలీ సవాలస్ ముఖ్య పాత్రధారులు. ఖర్చు సుమారు 3 లక్షల డాలర్లని చెబుతారు. నడిచే కాలం గంటన్నర లోపే.

కథ

కథాకాలం 1906. చైనాలోని ఒక మంచుగుహలో ఆదిమానవుడి కళేబరం దొరుకుతుంది. బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞుడు సాక్స్‌టన్ (లీ) దాన్ని పెట్టెలో పెట్టి, గొలుసులు బిగించి, మాస్కో వెళ్లే ట్రాన్స్ సైబీరియన్ రైలెక్కిస్తాడు. రైలు కదలకముందే, పెట్టె తాళం తీయబోయిన దొంగ కళ్లు తెల్లబడి చచ్చిపడి ఉంటాడు. పుజార్దోవ్ అనే సన్యాసి పెట్టె మీద సుద్దతో శిలువ గీయబోతే గీత పడదు. తోటి ప్రయాణికుడు డాక్టర్ వెల్స్ (కుషింగ్) పెట్టెలో ఏముందో చూసి చెప్పమని సామాన్ల బోగీ మనిషి చేతిలో డబ్బు పెడతాడు. ఆ కుతూహలం ఆ మనిషి ప్రాణం తీస్తుంది.

శవాన్ని కోసి చూస్తే మెదడు ముడతల్లేకుండా నున్నగా ఉంటుంది. చంపినవాడు మనిషి జ్ఞాపకాలనూ చదువునూ మొత్తంగా పీల్చేశాడన్నమాట. అసలు హంతకుడు ఆ కళేబరం కాదు, యుగాల కిందట వేరే లోకం నుంచి వచ్చి, దానిలో చిక్కుకుపోయిన ఒక రూపంలేని జీవి. ఒక దేహం పడిపోతే ఇంకొక దేహంలోకి మారుతుంది. మన జానపద కథల్లోని పరకాయప్రవేశం తెలిసినవారికి ఇది కొత్తగా తోచదు. జాన్ క్యాంప్‌బెల్ 1938లో రాసిన ‘హూ గోస్ దేర్?’ కథతో దీనికి పోలిక ఉంది. అదే కథ మీద 1951లోనూ 1982లోనూ పేరుపొందిన చిత్రాలు వచ్చాయి.

ఈ చిత్రంలో అన్నిటికన్నా గుర్తుండే ఘట్టం కంటి ద్రవానిది. లేచి తిరిగి, చివరికి తుపాకీ కాల్పులకు కూలిన ఆ కళేబరం కంటిలోని ద్రవాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే అది చూసిన దృశ్యాలు కనబడతాయి: మొదట తుపాకీ పేల్చినవాడి ముఖం, ఆ తరవాత రాక్షసబల్లులు, చివరికి అంతరిక్షం నుంచి చూసిన భూగోళం. ఇది వట్టి కల్పన కాదు. శాస్త్రజ్ఞుడు ఫ్రాంజ్ బోల్ 1876లో కంటి తెరలోని ఎర్రని వర్ణద్రవ్యం వెలుగుకు వెలిసిపోతుందని కనిపెట్టాడు. దాని ఆధారంగా హైడల్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ క్యూనే చంపిన కుందేలు కంటి తెర మీద కిటికీ ఊచల ఆకారాన్ని నిలపగలిగాడు. 1880లో శిరచ్ఛేదం జరిగిన ఒక ఖైదీ కంటినీ పరీక్షించాడు గాని, స్పష్టమైన బొమ్మేదీ రాలేదు. చనిపోయినవాడి కంట్లో హంతకుడి రూపు నిలుస్తుందన్న నమ్మకం మాత్రం చాలాకాలం పోలేదు.

పూర్వరంగం

ఈ చిత్రం పుట్టుకకు, కమ్యూనిస్టులన్న అనుమానంతో సినిమావాళ్లకు పని దొరక్కుండా చేసిన హాలీవుడ్ బ్లాక్‌లిస్టుతో చుట్టరికముంది. గోర్డన్‌కు 1952లో అమెరికా ప్రతినిధుల సభ విచారణ సంఘం నుంచి సమన్లు వచ్చాయి. స్టూడియోలో కొలువు పోయింది. కొన్నాళ్లు ప్లాస్టిక్ సామాన్లు అమ్మి, ఆ తరవాత రేమండ్ మార్కస్ అన్న మారుపేరుతో ‘ఎర్త్ వర్సెస్ ద ఫ్లయింగ్ సాసర్స్’ (1956) వంటివి రాశాడు. 1962 నాటి ‘ద డే ఆఫ్ ద ట్రిఫిడ్స్’ రచయిత, నిర్మాత ఫిలిప్ యోర్డన్ పేరు మీద వచ్చింది. యోర్డనే ఆయనను యూరప్ రప్పించి పని ఇచ్చాడు. నిర్మాత శామ్యూల్ బ్రాన్‌స్టన్ మాడ్రిడ్‌లో భారీ సెట్లు వేసి ‘ఎల్ సిడ్’, ‘55 డేస్ ఎట్ పెకింగ్’ తీస్తున్న రోజులవి. 1964లో బ్రాన్‌స్టన్ దివాలా తీసినా, అక్కడి పనివాళ్ల నేర్పు చెక్కుచెదరలేదు. మార్టిన్‌తో గోర్డన్ వరసగా మూడు చిత్రాలు తీశాడు: ‘బ్యాడ్ మ్యాన్స్ రివర్’ (1971), ‘పాంచో విల్లా’ (1972), ఇది.

రచయితలు ఆర్నో ద్యూసో, జూలియన్ జిమెట్ కూడా ఆ జాబితా దెబ్బ తిన్నవారే. రైలాపి ప్రయాణికులను కొరడాతో విచారించే కొసాక్కు దళపతికి వాళ్లు పెట్టిన పేరు కజాన్. 1952లో అదే విచారణ సంఘం ముందు సహచరుల పేర్లు చెప్పిన దర్శకుడి పేరూ అదే: ఎలియా కజాన్.

నిర్మాణం

‘పాంచో విల్లా’ కోసం చేయించిన నమూనా రైలునే గోర్డన్ మళ్లీ వాడుకున్నాడు. ‘నికొలస్ అండ్ అలెగ్జాండ్రా’ చిత్రం నుంచి తెచ్చారన్న ప్రచారాన్ని ఆయన కొట్టిపారేశాడు. లోపలి దృశ్యాలకు ఉన్నది ఒకే ఒక బోగీ సెట్టు. భోజనశాల దృశ్యాలన్నీ వరసగా తీసేసి, అదే పెట్టెను సామాన్ల బోగీగా మార్చి, ఆ తరవాత పడక గదులుగా మార్చుకున్నారు. నటులు కథలో ముందుకీ వెనక్కీ దూకుతూ నటించాల్సి వచ్చింది. అయినా తెర మీద ఎక్కడా అతుకు కనబడకపోవడం మార్టిన్ నైపుణ్యం.

కుషింగ్ భార్య హెలెన్ 1971 జనవరిలో చనిపోయింది. ఆ దుఃఖం నుంచి తేరుకోని కుషింగ్ మాడ్రిడ్‌లో దిగుతూనే చేయలేనని చెప్పేశాడు. లీ ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. పక్కన కూర్చుని, ఇద్దరూ కలిసి పనిచేసిన పాత రోజుల కబుర్లు తీశాడు. కుషింగ్ ఉండిపోయాడు. 1957 నుంచి హామర్ సంస్థ భయానక చిత్రాల్లో ఎదురుబొదురుగా పోరాడిన ఈ జంట ఇందులో ఒకే పక్షాన నిలవడం చూడముచ్చటైన సంగతి. తమలో ఒకరే ఆ రాక్షసి కావచ్చన్న అనుమానం వస్తే, తాము బ్రిటిష్‌వాళ్లం కదా అని వెల్స్ నొచ్చుకునే ఘట్టం అభిమానులకు కంఠస్థం.

కొసాక్కు దళపతి కజాన్‌గా సవాలస్ చివరి అరగంటలో గాని రాడు. ఉన్నంతసేపూ రైలు అతనిదే. సన్యాసిగా అల్బెర్తో ద మెండోసా నటన గాఢమైనది. జాన్ కకావస్ కట్టిన బాణీని పాత్రలే ఈలగా వేస్తూ, సినిమా పొడవునా మోస్తాయి. కకావస్ తరవాత సవాలస్ నటించిన ‘కోజాక్’ టీవీ ధారావాహికకూ సంగీతమిచ్చాడు.

తరవాత

అమెరికాలో కాపీరైటు నిలవకపోవడంతో అర్ధరాత్రి టీవీ ప్రసారాల్లోనూ చవక క్యాసెట్లలోనూ వెలిసిన ప్రింట్లు దశాబ్దాలపాటు తిరిగాయి. 2011లో సెవెరిన్, 2019లో యారో సంస్థలు శుభ్రమైన ప్రతులతో బ్లూరేలు తెచ్చాయి. గోర్డన్ 1999లో ఆత్మకథ ప్రచురించాడు. అదే ఏడు ఎలియా కజాన్‌కు గౌరవ ఆస్కార్ ఇవ్వడానికి వ్యతిరేకంగా జరిగిన నిరసనలో ముందు నిలిచాడు. మారుపేర్ల కింద పోయిన ఆయన చిత్రాలకు అమెరికా రచయితల సంఘం అసలు పేరు తిరిగి చేర్చింది. గోర్డన్ 2007లో మరణించాడు. ఈ చిత్రం టైటిళ్లలో జిమెట్ పేరు మాత్రం మారుపేరైన జూలియన్ హాలెవీగానే పడుతుంది.