గాటా గాటా గాటా: ఒక సాఫ్ట్‌వేర్ పుట్టుక

మల్కాజ్‌గిరి వాళ్లు తార్నాక మీదుగా ఉప్పల్ వెళ్తూ రోజూ దాటే గేటు అది: హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. డీఎన్‌ఏలో తిరిగి తిరిగి వచ్చే అక్షరాలను పట్టుకునే ‘పెర్ఫ్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇక్కడే తయారుచేశారు. దాని పుట్టుక తెలియాలంటే ముందు ఒక పాము దగ్గరికి వెళ్లాలి.

1980 నాటికి శాస్త్రవేత్త లాల్జీ సింగ్ ఎడిన్‌బరోలో ఉన్నారు. అక్కడ సహచరులతో కలిసి ఆడ కట్లపాము డీఎన్‌ఏలోంచి ఒక ముక్కను వేరుచేశారు. బీకేఎం అన్నారు దాన్ని. జి, ఎ, టి, ఎ అనే నాలుగక్షరాలు అందులో వరసగా వస్తూనే ఉంటాయి: గాటా గాటా గాటా. ఇలాంటి వరసలు మనిషిలోనూ ఉన్నాయి, అవి ఎన్నిసార్లు వస్తాయన్నది మనిషి మనిషికీ మారుతుంది. పుష్ప భార్గవ నెలకొల్పిన సీసీఎంబీకి వచ్చాక, 1988లో లాల్జీ సింగ్ ఆ ముక్కతోనే డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని సాధించారు. రాజీవ్ గాంధీ హత్య కేసులో మృతదేహాలను గుర్తించడానికి పనికొచ్చింది ఈ విద్యే.

కోర్టుకు కొన్ని చోట్ల పోల్చి చూపిస్తే సరిపోవచ్చు. వైద్య పరిశోధనకు జీనోమ్, అంటే డీఎన్‌ఏ మొత్తం కావాలి. హంటింగ్టన్ జబ్బునే చూడండి. ఒక జన్యువులో సీ-ఏ-జీ అనే మూడక్షరాలు మామూలుగా 27 సార్లకు లోపే వస్తాయి. 40 దాటితే జబ్బు దాదాపు ఖాయం. అంటే ఇక్కడ లెక్కే రోగ నిర్ధారణ. 300 కోట్ల అక్షరాల్లో ఆ లెక్క కంటితో తేలేది కాదు. అందుకే 2007లో డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీలో ముదునూరి సురేష్, నాగరాజారం ఇలాంటి వరసలను వెతికే ‘ఐమెక్స్’ అనే సాఫ్ట్‌వేర్‌ను రాశారు. మధ్యలో ఒకటీ అరా అక్షరం చెడినా అది వరసను వదలదు.

పదేళ్లకు సీసీఎంబీలో రాకేశ్ మిశ్రా బృందం పెర్ఫ్‌ను తెచ్చింది. దాని ఉపాయం నాకు చాలా ఇష్టం. ఒకటి నుంచి ఆరు అక్షరాల దాకా కుదిరే మూలపు ముక్కలు 5,356. ఒక్కోదాన్నీ 12 అక్షరాల పొడవుకు సాగదీసి ముందే జాబితా కట్టుకుంటుంది. ఆపైన జీనోమ్ మీద అక్షరం అక్షరం జరుగుతూ, ఎదురైన 12 అక్షరాలు జాబితాలో ఉన్నాయా అని మాత్రమే చూస్తుంది. ఉంటే వరస తెగేదాకా పోతుంది. అందుకే ఒక్కటీ జారదు.

ఉస్మానియా క్యాంపస్‌లో చదివే పిల్లలకు బయోఇన్ఫర్మాటిక్స్ నేర్పేవాళ్లు కమాండ్లు టైపు చేయించే ముందు, ఒక కాగితం మీద నాలుగు వరసలిచ్చి గాటాలు లెక్కపెట్టించాలని నా గట్టి అభిప్రాయం. అప్పుడే యంత్రం ఇచ్చిన అంకెను ప్రశ్నించగలుగుతారు. సాధనకు ఎక్కడో ఉన్న డేటా వెతుక్కోనక్కర్లేదు. 2015లో ముగిసిన వెయ్యి జీనోముల ప్రాజెక్టులోని 26 జనసమూహాల్లో ‘ఐటీయూ’ ఒకటి. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్ల జీనోములవి, 102 మందివి. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.