కిరిగల్పొత్త: పొగమంచులో ఏడు కిలోమీటర్ల దారి

శ్రీలంకలో ఎత్తైన పర్వతం పిదురుతలాగల (2,524 మీటర్లు). దాని కొన మీద ప్రసార టవర్లు, భద్రతా దళాల స్థావరం ఉండటంతో అక్కడికి నడిచి ఎక్కడం కుదరదు. అందుకే ఆ దేశంలో సామాన్యులు కాలినడకన చేరుకోగలిగే శిఖరాల్లో మొదటి స్థానం రెండో ఎత్తైన కిరిగల్పొత్తది. ఎత్తు 2,388 మీటర్లు.

దీన్ని పర్వతారోహణ అనడం కొంచెం ఎక్కువే. దారి మొదలయ్యే హార్టన్ ప్లెయిన్స్ పీఠభూమే 2,100 మీటర్లకు పైన ఉంది. ఫార్ ఇన్ దగ్గరి సందర్శకుల కేంద్రం నుంచి శిఖరానికి సుమారు 7 కిలోమీటర్లు. రెండు చోట్ల ఎత్తులో తేడా 250 మీటర్లే. ప్రమాదం ఎత్తుతో కాదు, దారి తప్పడంతో. పార్కుకు వచ్చేవారిలో ఎక్కువమంది సుమారు 870 మీటర్ల లోయ అంచైన 'వరల్డ్స్ ఎండ్' చూసి వెనుదిరుగుతారు. పడమరగా సాగే ఈ బాటలో జనం పలచన. సాంబర్ జింకలు తొక్కిన జాడలు కూడా మనుషుల దారిలాగే కనిపిస్తాయి. పొగమంచు కమ్మితే ఏది ఏదో తెలియదు.

మొదట చిత్తడి గడ్డిమైదానం వస్తుంది. తర్వాత పొట్టి చెట్ల మేఘారణ్యం, మళ్లీ గడ్డి, మళ్లీ అడవి. ఊటీ వైపు షోలా అడవులు చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు; పశ్చిమ కనుమలు, శ్రీలంక ఒకే జీవవైవిధ్య మండలం. చివర్లో మాత్రం వేళ్లు, రాళ్లు పట్టుకుని ఎక్కాల్సిన నిటారు భాగం ఉంటుంది.

బురద తప్పించుకోవడానికి బాట పక్కనుంచి నడవడం ఇక్కడ చిన్న తప్పు కాదు. ఈ చెట్లు పొగమంచును ఆకులతో, నాచుతో పట్టి నేలకు దింపుతాయి. ఆ తడి నిల్వ ఉండేది ఈ చిత్తడి నేలల్లోనే. మహావేలి, కెలనీ, వలవే నదులకు నీరిచ్చే వాగులు ఈ పీఠభూమిలోనే పుడతాయి. 1960ల్లో ఇక్కడ కొంత నేలలో బంగాళాదుంప సాగు చేశారు. 1969లో అభయారణ్యంగా, 1988లో జాతీయ పార్కుగా ప్రకటించారు. 2010లో ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రాంతంలో భాగమైంది. ఇంత రక్షణ ఉన్నా అడవిలో చెట్లు పైనుంచి ఎండుతూ వస్తున్నాయి. కారణంపై శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు.

దగ్గర్లోని తోటుపోల కంద (2,357 మీటర్లు) మీద రావణుడి పుష్పక విమానం దిగేదని స్థానిక గాథ. అది చాలా తేలికైన నడక. కథ కోసమే వచ్చేవారికి అదే మేలు.

రైల్లో వస్తే పట్టిపోల, ఒహియా స్టేషన్లు దగ్గర. జనవరి నుంచి మార్చి వరకు వాతావరణం పొడిగా ఉంటుంది కానీ రాత్రుళ్లు మంచు గడ్డకడుతుంది. ఉదయం గేటు తెరవగానే లోపలికి వెళ్లి, ఎక్కడికి వెళ్తున్నారో సిబ్బందికి చెప్పి, తెలిసినవారిని తోడు తీసుకోవడం మంచిది. రానూపోనూ ఆరేడు గంటలు పడుతుంది. మధ్యాహ్నానికి మబ్బు దిగుతుంది కాబట్టి, శిఖరం ఇంకా కనబడకపోయినా పది, పదకొండు గంటలకల్లా వెనుదిరగాలో లేదో తేల్చుకోవాలి. ఆకాశం తేటగా ఉంటే పైనుంచి పడమట శ్రీపాద శిఖరం కనిపిస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అయితే తెల్లటి తెర తప్ప ఏమీ ఉండదు.