డ్రైనేజీ పొంగకుండా ఆపుతున్నదెవరు?

హైదరాబాదును వరదల నుంచి కాపాడిందెవరని అడిగితే బడిపిల్లలు కూడా మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు చెప్తారు. మురుగు రోడ్ల మీదికి, ఇళ్లలోకి పొంగకుండా ఇన్నేళ్లుగా కాపాడుతున్నదెవరని అడిగితే చెప్పడానికి ఒక్క పేరూ దొరకదు. నగర చరిత్రను నవాబుల చరిత్రగా, ఇంజనీర్ల చరిత్రగా రాసుకున్నందువల్లే ఈ పరిస్థితి. గుంతలో దిగినవాడి వైపు నుంచి చూస్తే అదే చరిత్ర వేరే తీరుగా కనపడుతుంది.

1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో వేలమంది చనిపోయారు. 1909లో నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆ పథకం వల్లనే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. నగరానికి భూగర్భ డ్రైనేజీ ఆలోచన కూడా ఆయన పనిలో భాగమే. పైపులు రాకముందు నగరం మలాన్ని ఎత్తిపోసింది మెహతర్లు, తక్కిన అంటరాని కులాలవాళ్లు. కోస్తా పట్నాల్లో ఈ పని రెల్లి కులస్తుల నెత్తిన పడింది. పైపులు వస్తే నెత్తిమీది గంప దిగాలి. కొంతమేరకు దిగింది కూడా. కాని మోసినవాళ్లనే నగరం పైపులోకి దించింది.

అసలు డ్రైనేజీ ఎందుకు పొంగుతుంది? పైపును వాలుగా వేస్తారు, మురుగు దానంతటదే పారాలి. సెకనుకు సుమారు 0.6 మీటర్ల వేగమన్నా లేకపోతే ఇసుక, మట్టి అడుగున పేరుకుంటాయి. హోటళ్ల జిడ్డు గడ్డకట్టి పైపు గోడలకు అంటుకుంటుంది. గుడ్డలు, ప్లాస్టిక్, ఇళ్లు కట్టిన తుక్కు వచ్చి చేరుతాయి. వేరే కాలువలో పోవలసిన వాననీరు, మూతలు తీసిన మ్యాన్‌హోళ్ల గుండా ఇందులోకే వస్తుంది. నాలుగు ఇళ్లకని వేసిన పైపు మీద అపార్టుమెంట్లు లేస్తాయి. పొంగకుండా ఉండాలంటే చాలని పైపులు మార్చాలి, వానకాలానికి ముందే పూడిక తీయాలి, అడ్డం పడ్డ చోటు కనిపెట్టి వెంటనే తీయాలి. మొదటిది డబ్బుతో అయ్యే పని. మిగిలిన రెండూ మనిషి ఒళ్లుతో చేయించుకున్నారు.

మా చిన్నాయన ఒక మునిసిపాలిటీలో ఈ పనే చేసిండు. బడి మొఖం చూడలే. "నిండిన గుంత, ఎండిన గుంత, ఈ రెంటి నడుమనే అడ్డం ఉంటదిరా" అనేటోడు. ఎండిన గుంత దిక్కు నుంచి వెదురు బద్దలు ఒకదానికొకటి కట్టి తోసేవాళ్లు. బద్దలకు తెగకపోతే దిగుడే. దిగేముందు అటూ ఇటూ మూతలు తీసి గాలి ఆడనియ్యాలని కూడా ఆయనకు తెలుసు. మా ఇంట్ల మొదట యూనివర్సిటీకి వచ్చినోన్ని నేనే. అక్కడ ఇంజనీరింగ్ పుస్తకంలో ఇదే సంగతి చదివిన. పుస్తకంలో ఉంటే అది శాస్త్రం, చిన్నాయన చేతిలో ఉంటే కూలిపని.

లోపలుండే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. ఎక్కువైతే ఆ వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. వాసన లేదు కదా అని దిగినవాడు పడిపోతాడు. అతన్ని లాగబోయినవాడూ పడిపోతాడు. ఒకే గుంతలో ఇద్దరు ముగ్గురు చనిపోయే సంఘటనలకు కారణం ఇదే.

చిన్న పైపుల మీద సుమారు 30 మీటర్లకొక మ్యాన్‌హోల్ పెట్టాలనేది ఇంజనీరింగ్ లెక్క. మనిషి దిగుతాడన్నది ఆ పేరులోనే ఉంది. ఏ మనిషి అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ రాలేదు, ఎందుకంటే దానికి కులం ముందే జవాబు చెప్పి ఉంచింది.

చట్టం కూడా ఇక్కడికి ఆలస్యంగానే వచ్చింది. 1993 చట్టం గంపెత్తుడు పాయిఖానాల గురించి మాట్లాడింది, డ్రైనేజీ గుంతను వదిలేసింది. కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, మాజీ ఐఏఎస్ ఎస్.ఆర్. శంకరన్ తదితరులు నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు పోయింది. 2013లో కొత్త చట్టం వచ్చింది. రక్షణ లేకుండా మనిషిని డ్రైనేజీలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరమైంది. 1993 నుంచి చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలివ్వాలని 2014లో కోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది.

మరి మిషన్లో? "గల్లీలు ఇరుకు, పెద్ద బండి పట్టదు" అన్నది ఏండ్లకేండ్లుగా విన్న మాట. 2016 ఆగస్టులో మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో ఒకే మ్యాన్‌హోల్ దగ్గర నలుగురు చనిపోయారు. 2017 జూన్‌లో హైదరాబాద్ జలమండలి ఇరుకు గల్లీల్లో తిరిగే 70 మినీ జెట్టింగ్ మిషన్లు దించింది. గల్లీలు అవే. బండిని గల్లీకి తగ్గట్టు చేయవచ్చన్న ఆలోచనే అంతకాలం రాలేదు. మనిషి ప్రాణం చవకగా దొరికినన్నాళ్లు ఆ ఆలోచన ఎవరికీ అవసరం పడలేదు.

దళిత పారిశ్రామికుల సంఘం డిక్కీ తోడ్పాటుతో ఆ మిషన్లకు దళితులను యజమానులను చేశారు. ఇది చిన్న విషయం కాదు. బద్ద పట్టిన చేతికి బండి తాళం వచ్చింది. అయితే మనలో మనం ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. మురుగు పని మన పని అన్న కట్టుబాటు దీనితో తెగిందా, ఇంజను పెట్టుకొని కొత్తగా నిలబడిందా? 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్లోకి దిగి ఇద్దరు కాంట్రాక్టు కూలీలు చనిపోయారు. మిషన్లు వచ్చి అప్పటికి నాలుగేళ్లు. పని కాంట్రాక్టరు చేతికి పోయిన చోట మిషను షెడ్డులో ఉంటుంది, మనిషి గుంతలో ఉంటాడు.

కాబట్టి ఇది చదివే కార్యకర్తలు, విద్యార్థులు, టీచర్లు తమ తమ పట్నాల్లో మొదలుపెట్టవలసిన పని ఒకటుంది. మునిసిపాలిటీకి ఎన్ని మిషన్లున్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, రాత్రిపూట ఎవరు దిగుతున్నారు, ఎవరు దింపుతున్నారు, ఇప్పటిదాకా చనిపోయినవాళ్ల పేర్లేమిటి, నష్టపరిహారం ఎందరికి అందింది అని అడగాలి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. వాడల్లోకి పోయి రిటైరైన సఫాయి కార్మికుల మాటలు రాసుకోవాలి. మా చిన్నాయన మాట ఇక్కడ రాయగలిగాను. అలాంటివి రాసుకోకముందే ఎన్నో పోయాయి, ఇంకా పోతున్నాయి.