యథాతథ ఒప్పందం: ఓరుగల్లు సీమలో దౌత్యం, కాందిశీకులు

హైదరాబాద్ సంస్థానానికీ భారత యూనియన్‌కూ మధ్య 1947 నవంబర్ 29న ఏడాది గడువుతో కుదిరిన ఒడంబడికను యథాతథ ఒప్పందం అంటారు. దీని చుట్టూ నడిచిన రాయబారాలు, ఇల్లూవాకిలీ వదిలి సరిహద్దు దాటిన జనం గోడు నేటి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల చరిత్రలో ముఖ్య ఘట్టాలు. ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డాయి. ఒప్పందం నాటికి జనగామ నల్లగొండ జిల్లాలో తాలూకా. మానుకోట అని జనం పిలుచుకునే మహబూబాబాద్ వరంగల్ జిల్లాలో ఉండేది.

పూర్వరంగం

పరదేశీయుల రక్షణ గురించి ఈ సీమ పాలకులు ఇచ్చిన పత్రాల్లో కాకతి గణపతిదేవుడి మోటుపల్లి అభయ శాసనం (1244) ప్రసిద్ధమైనది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు సొంతం చేసుకునే ఆచారాన్ని మానేసి, సుంకం మాత్రమే తీసుకుంటామని అందులో వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ కాలానికి అది ఎంతో ఉదారమైన నిర్ణయం. 1323లో ఓరుగల్లు పడిపోయాక బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, అసఫ్‌జాహీలు ఈ ప్రాంతాన్ని ఏలారు.

1798 సైన్య సహకార సంధితో నిజాం విదేశీ వ్యవహారాలు ఇంగ్లీషు వారి చేతిలోకి వెళ్లాయి. 1860 ఒప్పందంలో గోదావరి ఎడమ గట్టు తాలూకాలను నిజాం వదులుకున్నాడు. అప్పటి నుంచి కాళేశ్వరం నిజాం ఏలుబడిలోనూ, ఏటికి ఆవల సిరొంచ ఇంగ్లీషు పాలనలోనూ ఉండిపోయాయి. నిజాం పోలీసు అధికారం ఆ నీళ్ల దగ్గర ఆగిపోయేది. నిజాం తనను బ్రిటిష్ ప్రభుత్వంతో సమానుడిగా చెప్పుకోగా, 1926 మార్చిలో వైస్రాయి రీడింగ్ దాన్ని తోసిపుచ్చుతూ లేఖ రాశాడు.

చర్చలు

1947 జూన్‌లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తాను ఏ డొమినియన్‌లోనూ చేరనని ఫర్మానా జారీ చేశాడు. చర్చలకు సంస్థాన ప్రధాని ఛత్తారీ నవాబు, న్యాయ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ ఢిల్లీకి తిరిగారు. ముసాయిదాను నిజాం కార్యనిర్వాహక మండలి ఆమోదించింది. ప్రతినిధులు దానితో ఢిల్లీకి బయలుదేరబోతుండగా అక్టోబర్ 27 తెల్లవారుజామున మజ్లిస్-ఇ-ఇత్తెహాద్-ఉల్-ముస్లిమీన్ పార్టీ గుంపులు వారి ఇళ్లను చుట్టుముట్టాయి. ప్రయాణం ఆగింది, ఛత్తారీ రాజీనామా చేశాడు. ఆ తరువాత మొయిన్ నవాజ్ జంగ్, అబ్దుర్ రహీం, పింగళి వెంకటరామారెడ్డిలతో కొత్త బృందం వెళ్లింది. నెల రోజుల తర్వాత సంతకాలైన పత్రం దాదాపు పాత ముసాయిదానే.

అందులో ఐదు అధికరణాలున్నాయి. రక్షణ, విదేశీ వ్యవహారాలు, రవాణా-తంతి వ్యవస్థల్లో 1947 ఆగస్టు 15కు ముందున్న ఏర్పాట్లే కొనసాగాలి. యుద్ధకాలంలో తప్ప భారత సైన్యం సంస్థానంలో మకాం వేయరాదు. ఒకరి రాజధానిలో మరొకరి ప్రతినిధి ఉండాలి. తగాదాలు మధ్యవర్తిత్వానికి పోవాలి. ప్రాణభయంతో ఊరు విడిచిన రైతు గురించి ఆ ఐదింటిలో ఒక్క వాక్యమూ లేదు. ఒప్పందానికి ఇదే పెద్ద లోపం.

భారత ఏజెంట్ జనరల్‌గా కె.ఎం. మున్షీ 1948 జనవరిలో హైదరాబాద్ చేరాడు. కోఠీలోని పాత రెసిడెన్సీని ఇవ్వడానికి నిజాం ఒప్పుకోలేదు. మున్షీ బొల్లారంలో మకాం పెట్టాడు. ఢిల్లీలో సంస్థానం తరఫున జైన్ యార్ జంగ్ ఉన్నాడు. లండన్‌లో మీర్ నవాజ్ జంగ్ అప్పటికే ఏజెంట్ జనరల్. పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు, భారత కరెన్సీపై నిషేధం, ఇత్తెహాద్ సాయుధ దళమైన రజాకార్ల దాడులు ఒప్పందానికి విరుద్ధమని ఢిల్లీ వాదించింది. సరుకులు రాకుండా తమను దిగ్బంధించారని ప్రధాని మీర్ లాయక్ అలీ ప్రభుత్వం ఎదురు ఫిర్యాదు చేసింది. మౌంట్‌బాటెన్ వెళ్లేముందు తయారుచేయించిన చివరి ముసాయిదాను నిజాం 1948 జూన్‌లో తిరస్కరించాడు.

కాందిశీకులు

జనగామ తాలూకాలో అశాంతి ఒప్పందానికి ముందే మొదలైంది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో రైతు ఉద్యమ కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి చేరిన జనంపై కాల్పులు జరిగి 22 మంది చనిపోయారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, పోలీసులు బురుజు మీది నుంచి ఎదిరించిన ఊరిని ఫిరంగులతో కూల్చి, దొరికినవారిని వరుసగా నిలబెట్టి చంపారు. ఆ ఊరి సాహసం తెలంగాణ చరిత్రలో చిరస్థాయిగా నిలిచింది.

కలిగినవారు, కాంగ్రెస్ కార్యకర్తలు, భయపడిన సామాన్యులు బెజవాడకూ, కృష్ణా జిల్లా గ్రామాలకూ, చాందాకూ తరలిపోయారు. కాజీపేట నుంచి మానుకోట, డోర్నకల్ మీదుగా బెజవాడ పోయే రైలుమార్గం వరంగల్ జిల్లా జనానికి ప్రధాన దారి. నిజాం రాజ్యం మధ్యలో ద్వీపంలా ఉన్న మునగాల పరగణా మద్రాసు రాష్ట్రంలోది కావడంతో అక్కడా తలదాచుకున్నారు. సరిహద్దు వెంట హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ శిబిరాలు వెలిశాయి. ఎదురు దిశలోనూ జనం కదిలారు. మధ్య పరగణాల నుంచి ఎన్నో ముస్లిం కుటుంబాలు నిజాం రాజ్యంలోకి వచ్చి చేరాయి. ఇరువైపులా కన్నీళ్లున్నాయన్నది మరవరాదు.

ఐక్యరాజ్య సమితి, తదనంతరం

1948 ఆగస్టు 21న హైదరాబాద్ భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది. 16న పారిస్‌లో మండలి ఎదుట మొయిన్ నవాజ్ జంగ్ మాట్లాడగా, భారత్ తరఫున రామస్వామి మొదలియార్ జవాబిచ్చాడు. మరునాడే నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు, 18న సేనాపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. తర్వాతి నెలల్లో మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లింలపై జరిగిన హత్యాకాండను సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. గోదావరి అడవుల్లో సాయుధ పోరాటం కొనసాగించిన కమ్యూనిస్టుల కోసం గాలిస్తూ సైన్యం కోయ గూడేలను ఖాళీ చేయించింది.

1948 సెప్టెంబర్ 20న లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు నిజాం సొమ్ము సుమారు 10 లక్షల పౌండ్లు బదిలీ అయ్యాయి. వడ్డీతో 3.5 కోట్ల పౌండ్లకు పెరిగిన ఆ మొత్తం నిజాం వారసులకూ భారత్‌కూ చెందుతుందని ఇంగ్లండ్ హైకోర్టు 2019 అక్టోబర్ 2న తీర్పు చెప్పింది.

ఇటీవలి కాలం

దౌత్యం, వలస ఈ సీమను నేటికీ తాకుతున్నాయి. కాన్సులర్ సంబంధాలపై 1963 వియన్నా ఒడంబడిక 36వ అధికరణం ప్రకారం పరదేశంలో అరెస్టయిన వ్యక్తి తన కాన్సులేటుకు కబురు పంపమని కోరవచ్చు. గల్ఫ్ జైళ్లలో చిక్కిన తెలంగాణ కూలీలకు ఇదే ఆధారం. విదేశాంగ శాఖ 2015లో ఫిర్యాదుల కోసం మదద్ పోర్టల్ తెరిచింది.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం ఉద్యమం మొదలయ్యాక బస్తర్ గొత్తికోయలు గోదావరి దాటి భూపాలపల్లి, ములుగు, ఖమ్మం అడవుల్లో గూడేలు కట్టుకున్నారు. సల్వాజుడుంకు తోడు నిలిచిన ప్రత్యేక పోలీసు నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పునిచ్చినా చాలామంది వెనక్కి పోలేదు. దేశం దాటలేదు కనుక అంతర్జాతీయ చట్టం వీరిని శరణార్థులుగా గుర్తించదు. రాష్ట్రం దాటారు కనుక స్వస్థలంలో ఉన్న షెడ్యూల్డ్ తెగ హోదా తెలంగాణలో వర్తించడం లేదు.