బెరడును చూసి చెట్టుకు పేరు పెట్టవచ్చా?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణానికి దక్షిణంగా సాలువా ఉంది. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ దళం స్థావరం అక్కడే. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఖరగ్‌పూర్ చుట్టుపక్కల ప్రాంతమంతా పరిచయమే. ఇక్కడి ఎర్రమట్టి నేలల్లో తరచు కనిపించే చెట్లు రెండు. ఒకటి సాల వృక్షం, అంటే మన గుగ్గిలం చెట్టు. రెండోది యూకలిప్టస్. దీన్నే మనం నీలగిరి చెట్టు అనీ, జామాయిల్ చెట్టు అనీ అంటాం.

ముదిరిన గుగ్గిలం చెట్టు బెరడు నెర్రెలు బారి గరుకుగా ఉంటుంది. మన నీలగిరి బెరడు పెచ్చులుగా ఊడి, మాను నున్నగా తేలుతుంది. అందువల్ల నున్నటి మానే యూకలిప్టస్ గుర్తు అని మీరు అనుకోవచ్చు. కాని ఆస్ట్రేలియాలో గరుకు బెరడు ఉన్న యూకలిప్టస్ జాతులు ఎన్నో ఉన్నాయి. యూకలిప్టస్ లాగే కనిపిస్తూ యూకలిప్టస్ కాని గరుకు చెట్లూ ఉన్నాయి. శాస్త్రజ్ఞులు వీటిని వేరుచేసి గుర్తించడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. ఆ కథ తెలుసుకుందాం.

ముందు బెరడు సంగతి చూద్దాం. మాను లావెక్కేకొద్దీ బయటి పొరలు చచ్చిపోతాయి. వాటిని ఏటా రాల్చేసే చెట్టు నున్నగా ఉంటుంది. రాల్చకుండా పొర మీద పొర నిలుపుకునే చెట్టు గరుకుగా తయారవుతుంది. ఇందుకు దూరం వెళ్ళనక్కరలేదు. జామ మాను నున్నన, నేరేడు మాను గరుకు. రెండూ యూకలిప్టస్ ఉన్న మిర్టేసి కుటుంబానివే. దళసరి బెరడు చెట్టుకు కవచం వంటిది. కార్చిచ్చు వచ్చినప్పుడు లోపలి సజీవ కణజాలాన్ని, నిద్రాణంగా ఉన్న మొగ్గలను అది కాపాడుతుంది.

1777లో కెప్టెన్ కుక్ మూడో సముద్రయానంలో డేవిడ్ నెల్సన్ అనే సేకర్త టాస్మేనియా దగ్గరి బ్రూనీ దీవిలో ఒక కొమ్మను సేకరించాడు. అది లండన్ చేరింది. 1788లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెరిటియే దానికి యూకలిప్టస్ ఆబ్లిక్వా అని పేరు పెట్టాడు. ఆ చెట్టు మాను పీచు బెరడుతో గరుకుగా ఉంటుంది. అంటే యూకలిప్టస్ అన్న పేరు మొదట అందుకున్నదే గరుకు చెట్టు! అయితే ఆ పేరుకూ బెరడుకూ సంబంధం లేదు. గ్రీకులో ఆ మాటకు ‘బాగా కప్పబడినది’ అని అర్థం. మొగ్గ మీది మూతను బట్టి వచ్చిన పేరు అది.

ఆ మూత ఏమిటో తెలియాలంటే వంటింట్లోంచి ఒక లవంగం తెచ్చుకోండి. లవంగం కూడా మిర్టేసి కుటుంబానిదే, విచ్చని మొగ్గ. నాలుగు కొమ్ముల్లాంటివి రక్షకపత్రాలు. నడుమ ఉన్న గుండ్రటి బుడిపె ముడుచుకున్న ఆకర్షణపత్రాలు. యూకలిప్టస్‌లో ఇటువంటి భాగాలు కలిసిపోయి గట్టి టోపీ అవుతాయి. పువ్వు విచ్చేటప్పుడు టోపీ ఊడి పడుతుంది, కేసరాల కుచ్చు బయటికి వస్తుంది.

1797లో స్పెయిన్ శాస్త్రజ్ఞుడు కవనీయెస్ ఆంగోఫోరా అనే ప్రజాతిని స్థాపించాడు. ఇందులో ఆంగోఫోరా ఫ్లోరిబండా అనే చెట్టును ఆస్ట్రేలియాలో ‘గరుకు బెరడు ఆపిల్’ అంటారు, ఆపిల్ కాకపోయినా. బూడిదరంగు పీచు బెరడుతో దూరం నుంచి అచ్చం యూకలిప్టస్ అనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే తేడాలు తెలుస్తాయి. మొగ్గకు మూత లేదు, ఆకర్షణపత్రాలు విడివిడిగా ఉంటాయి. చాలా యూకలిప్టస్‌లలో ముదిరిన కొమ్మ మీద ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. దీనికి మాత్రం జామకు వచ్చినట్టు ఎదురెదురుగా వస్తాయి. కాయ మీద నిలువు గీతలు తేలి ఉంటాయి.

1859లో ఫెర్డినాండ్ ఫాన్ మ్యూలర్ యూకలిప్టస్‌లను బెరడును బట్టి వర్గాలుగా విభజించాడు. అడవిలో తిరిగేవాడికి అది చక్కటి పద్ధతి. కాని ఎండబెట్టి కాగితానికి అంటించిన నమూనాలో బెరడు ఉండదు కదా! ఆస్ట్రేలియాలో అడుగు పెట్టకుండానే అక్కడి మొక్కల గ్రంథం రాసిన జార్జ్ బెంథమ్, 1867లో కేసరాల తీరును ఆధారంగా తీసుకున్నాడు. 1995లో హిల్, జాన్సన్ అనే శాస్త్రజ్ఞులు కొన్ని జాతులను విడదీసి కోరింబియా ప్రజాతిగా ఏర్పరచారు. నిమ్మవాసన నీలగిరి అందులోకి వెళ్ళింది. దాని మాను నున్నన, మొగ్గకు మూత ఉంది. అయినా దానికి యూకలిప్టస్ కన్నా, మూత లేని గరుకు ఆంగోఫోరాయే దగ్గరి బంధువని డీఎన్ఏ పరీక్షలు చూపాయి. బెరడే కాదు, మూత కూడా ఒక్కటే చూస్తే చాలదన్నమాట.

పేరుతో మనకేం పని అంటారా? మన దేశంలో విస్తారంగా నాటిన ‘మైసూర్ గమ్’ నంది కొండల నుంచి వచ్చింది. దాన్ని చాలాకాలం సంకరజాతి అనే పిలిచారు. అది ప్రధానంగా యూకలిప్టస్ టెరెటికార్నిస్ రూపమేనని తర్వాత గుర్తించారు. కొమ్ములా పొడుగ్గా ఉండే మొగ్గ మూతే ఆ జాతి పేరుకు మూలం. 1981లో పశ్చిమ బెంగాల్‌లో ప్రపంచ బ్యాంకు సాయంతో సామాజిక అడవుల పథకం మొదలైంది. మిదునాపూర్ జిల్లాలో బంజరు భూమికి పట్టా పొందిన పేద కుటుంబాలు యూకలిప్టస్ నాటాయి. అటువంటి కుటుంబం కొన్నేళ్ళు ఎదురుచూస్తేగాని కలప చేతికి రాదు. గరుకు బెరడు ఉండే యూకలిప్టస్ రోబస్టా చిత్తడి నేలల చెట్టు. టెరెటికార్నిస్ ఎండను, బీడును కొంత ఓర్చుకుంటుంది. విత్తనానికి పేరు తప్పితే నష్టపోయేది ఆ కుటుంబమే. ‘యూకలిప్టస్ మంచిదా, చెడ్డదా’ అని వాదించుకునే ముందు ఏ జాతి, ఏ నేల, ఎంత వాన అని అడగాలి.

ఈసారి నీలగిరి చెట్టు కనిపిస్తే మాను తడిమి ఊరుకోకండి. కింద రాలిన చిన్న టోపీల కోసం వెతకండి. ఆకుల వరుస, కాయ ఆకారం చూసి రాసుకోండి. ఆ గుర్తులన్నీ పోల్చి చూశాకే పేరు పెట్టండి.