ఎమరాల్డ్ గ్రహం నుంచి వచ్చిన ఉక్కు మహాకాయుడు

1957 జులై 30న జపాన్ థియేటర్లలోకి వచ్చిన 'ఉక్కు మహాకాయుడు' నలుపు తెలుపు చిత్రం. నిడివి గంట కూడా లేదు. కథ సగంలోనే ఆగిపోతుంది. మిగతా సగం చూడాలంటే రెండు వారాలు, అంటే ఆగస్టు 13 దాకా, ఎదురుచూడాలి. బడులకు వేసవి సెలవులు కాబట్టి పిల్లలు మళ్లీ వస్తారని నిర్మాతలకు తెలుసు. అలా మొదలైన 'సూపర్ జెయింట్స్' వరస 1959 ఏప్రిల్ నాటికి తొమ్మిది చిత్రాలైంది. జపాన్ వెండితెర మీద సూపర్ హీరోతో నడిచిన తొలి చిత్రమాలగా దీనికి పేరుంది.

తీసినవారు షింతోహో సంస్థవారు. తోహో స్టూడియోలో కార్మికుల సమ్మెలు ముదిరిన రోజుల్లో, 1947లో, అక్కడి నుంచి విడిపోయినవారు పెట్టుకున్న సంస్థ ఇది. కురొసావా 'స్ట్రే డాగ్' (1949), మిజొగుచి 'ది లైఫ్ ఆఫ్ ఒహారు' (1952) ఈ సంస్థ చిత్రాలే. అయితే పేరు వచ్చినంతగా డబ్బు రాలేదు. 1955లో పగ్గాలు పట్టిన మిత్సుగి ఓకురా ఒకప్పుడు బెన్షి. మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పి జనాన్ని కూర్చోబెట్టిన మనిషి. ఏ సినిమాకు టికెట్లు తెగుతాయో హాలులోనే నేర్చుకున్నాడు. దయ్యాలు, నేరాలు, యుద్ధాలు, అన్నీ తక్కువ ఖర్చులో తీయడం ఆయన దారి. 1957 ఏప్రిల్‌లో మాత్రం మెయిజీ చక్రవర్తి మీద, రష్యాతో జరిగిన యుద్ధం మీద వెడల్పు తెర రంగుల చిత్రం తీసి విపరీతంగా గడించాడు. ఆ గడింపు పిల్లల సినిమా దాకా రాలేదు.

కథకు రెండు మూలాలున్నాయి. అమెరికా 'సూపర్‌మ్యాన్' సీరియల్ 1956లో జపాన్ టీవీలో మొదలైంది. ఎగిరే వీరుడు, వీపున వస్త్రం, తూటా తగిలినా చెక్కుచెదరని ఒళ్లు అక్కడివే. రెండోది జపాన్ సొంత భయం. 1954 మార్చి 1న బికినీ దీవుల్లో అమెరికా చేసిన హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద, 23 మంది ఉన్న ఒక జపాన్ చేపల పడవ మీద రాలింది. ఆ పడవ రేడియో ఆపరేటర్ అదే ఏడాది సెప్టెంబరులో కన్నుమూశాడు. నవంబరులో, అణుపరీక్షలు లేపిన రాక్షసి కథతో, 'గాడ్జిల్లా' వచ్చింది. 'సూపర్ జెయింట్స్' మొదటి సన్నివేశం ఈ వరుసలోదే: భూమ్మీది అణుపరీక్షల ధూళి విశ్వానికే ముప్పు తెస్తోందని ఎమరాల్డ్ గ్రహంలో సభ కూడుతుంది, ఉక్కు మనిషిని కిందికి పంపుతుంది. అతని చేతికి గడియారంలాంటి యంత్రం కడతారు. ఎగరడానికీ, ఏ భాషైనా మాట్లాడటానికీ, అణుధార్మికతను పసిగట్టడానికీ అదే సాధనం. సూపర్‌మ్యాన్‌కు అక్కర్లేని ఈ మూడో పని జపాన్ పిల్లల వీరుడికి అవసరమైంది. అమెరికా నుంచి వేషం తీసుకున్నా, అతను దిగి రావడానికి కారణం మాత్రం జపాన్‌దే.

పరగ్రహవాసుల దాడి మూడు, నాలుగు చిత్రాల్లో వస్తుంది. ఇవి 1957 అక్టోబరు 1న ఒకటి, 8న ఒకటి విడుదలయ్యాయి. ఈ రెంటి మధ్య, అక్టోబరు 4న, సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను పైకి పంపింది. మొదటి భాగం చూసిన పిల్లవాడు రెండో భాగానికి వచ్చేసరికి ఆకాశంలో నిజంగానే మనిషి చేసిన వస్తువొకటి తిరుగుతోంది. స్టూడియో చురుగ్గా కదిలింది. డిసెంబరు 28న, కొత్త సంవత్సరం సెలవుల ముంగిట వచ్చిన ఐదో చిత్రం పేరులోనే కృత్రిమ ఉపగ్రహం ఉంది. జనవరి 3న వచ్చిన ఆరో చిత్రం పేరులోనూ అంతే.

తోహో దగ్గర 'గాడ్జిల్లా' మాయాదృశ్యాలు తీసిన త్సుబురాయా ఉన్నాడు, నమూనా నగరాలు కట్టి కూల్చే నిపుణులున్నారు. షింతోహోకు ఆ భాగ్యం లేదు. పరగ్రహవాసులంటే బిగుతు దుస్తుల్లో, మొహానికి తొడుగులతో గెంతే నటులే. వాళ్లను భయంకరంగా చేసింది ముఖ్యంగా కదలిక. రంగస్థలం మీద నృత్య బృందంలా కనిపించి క్రమంగా వికృతంగా మారే సన్నివేశం ఈనాటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. డబ్బులేమి దర్శకుడి చేత చేయించిన మంచి పని అది. వీరుడు తీగలకు వేలాడుతూ ఎగురుతాడు. నేల మీది పోరాటాలకు కత్తియుద్ధాల చిత్రాల పద్ధతే ఆధారం: చుట్టూ పదిమంది, మధ్యలో ఒక్కడు.

మొదటి ఆరు చిత్రాల దర్శకుడు తెరువో ఇషీ. అతను దర్శకుడైంది కూడా 1957లోనే. ఏడో చిత్రం నుంచి వేరేవాళ్లు తీశారు, వేగం తగ్గింది. 1961లో షింతోహో దివాలా తీసింది. ఇషీ తోయే సంస్థకు వెళ్లి 1965లో 'అబాషిరి ప్రిజన్'తో పెద్ద విజయం చూశాడు. వీరుడుగా వేసిన కెన్ ఉత్సుయ్ టీవీలో ఇంటింటి నటుడయ్యాడు, 2014లో మరణించాడు. సంగీతం కూర్చిన చూమెయ్ వతానబే 1972లో 'మాజింగర్ జెడ్' కార్టూన్ సీరియల్‌కు బాణీలు కట్టాడు.

ఈలోగా వీరులు చిన్న తెరకెక్కారు. 1958 ఫిబ్రవరిలో 'వెన్నెల ముసుగు' సీరియల్ మొదలైంది. 1966లో 'అల్ట్రామ్యాన్' కూడా భూమిని కాపాడటానికి ఆకాశం నుంచే దిగాడు.

అమెరికాకు ఈ చిత్రాలు 1960ల మధ్యలో చేరాయి, థియేటర్లకు కాక టీవీకి. తొమ్మిదింటినీ కత్తిరించి నాలుగు చేశారు. మొదటి ఆరు జంటలుగా మూడయ్యాయి. మూడు, నాలుగు కలిసి 'ఇన్వేడర్స్ ఫ్రమ్ స్పేస్' అయింది. చివరి మూడూ ఒకదానితో ఒకటి సంబంధంలేని కథలు. వాటిని కూడా ఒక్కటిగా కుట్టి 'ఈవిల్ బ్రెయిన్ ఫ్రమ్ ఔటర్ స్పేస్' అన్నారు. అందుకే అందులో విలన్లు ఎందుకు మారిపోతున్నారో ఎంత చూసినా అంతుపట్టదు. ఇంగ్లీషు గొంతులో వీరుడి పేరు స్టార్‌మ్యాన్ అయింది. ఎమరాల్డ్ గ్రహం మాత్రం అలాగే ఉంది.